పరుగెత్తే పని లేని మనిషి

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు బి.ఎడ్. పరీక్షకు చదువుకుంటూ, తనలో తాను చదువుకుంటే తలకెక్కదని నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెబుతూ ఉండింది. నేను అనపకాయలు ఒలుస్తున్నాను. పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా నా కోసం తెలుగులో చెబుతుంది, నాకు అర్థమైతే తనకు వచ్చినట్టేనట. ఆ రోజు పాఠం పసిబిడ్డల భయాల గురించి. ఎప్పుడో, ఏదో దేశంలో, పెద్ద చదువుల వాళ్ళు ఒక పసిబిడ్డ ముందు తెల్ల ఎలుకను వదిలారట. బిడ్డ సరదాపడి దాన్ని ముట్టుకోబోయినప్పుడల్లా వెనక నిలబడి ఇనుప కడ్డీ మీద సుత్తితో కొట్టారట. అట్లా కొన్నిసార్లు చేసేసరికి, చప్పుడు లేకపోయినా ఎలుక కనబడితే చాలు, ఆ బిడ్డ ఏడ్చి పాక్కుంటూ పారిపోయిందట. భయం నేర్పితే వస్తుందని లోకానికి తెలియజెప్పడానికి ఇంత పని చేశారు.

"మళ్ళీ ఆ భయం తీసినారా?" అని అడిగాను.

"తీయలేదంట అవ్వా. అంతలోకే తల్లి బిడ్డను పిలుచుకొని ఎళ్ళిపోయిందంట."

"ఆ బిడ్డ ఏమైంది?"

"అది పరీక్షకు రాదులే అవ్వా," అని పేజీ తిప్పేసింది.

అప్పటి నుంచి నాకు కుదురు లేదు. అనపకాయలు సగంలో వదిలేసి లేచాను. ఆండర్సన్‌పేట మా వీధి చివర ఆటోలు నిలిచే చోటు దాకా నడిచి, ఎందుకు వచ్చానో తెలియక తిరిగి వచ్చాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే యాడికీ పోవాలని ఉండదు. కోడలు అడిగితే కాళ్ళు తిమ్మిరెక్కాయి అన్నాను. తిమ్మిరి కాళ్ళకు కాదు. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. చిత్తూరు వైపు నుంచి మా ఇంటికి వచ్చిన ఈ కోడలే, వంట ముగిశాక గచ్చు మీద సుద్దముక్కతో దిద్దించింది. నా రాత ఇప్పటికీ కోడి గెలికినట్టే ఉంటుంది. అయినా ఇది నేనే రాయాలి, ఇంకొకరి చేత రాయించేది కాదు. నా ఈడు వాళ్ళు, గని లైన్లలో కాపురం చేసిన వాళ్ళు ఎవరైనా చదివితే, నేను రాయకుండా వదిలింది కూడా వాళ్ళకు తెలుస్తుంది.

మా వాళ్ళు పలమనేరు వైపు పల్లెల నుంచి బంగారు గనుల పనికి వచ్చిన వాళ్ళు. నేను చెప్పే నాటికి గనులు సర్కారు చేతికి వచ్చి కొన్నేళ్ళయింది. దొరలు పోయారు, వాళ్ళ బంగళాలు మిగిలాయి, బోర్డుల మీద పేర్లు మారాయి. లైన్లు అని పిలిచే మా తడిక ఇళ్ళు మాత్రం అట్లాగే వరుసగా, ఒకరింట్లో తాలింపు వేస్తే మూడో ఇంట్లో తుమ్ములు వచ్చేటంత దగ్గరగా ఉండేవి. భూమి లోపల కూడా ఏమీ మారలేదు. అంత లోతున రాతి మీద రాతి బరువు పడీ పడీ ఉన్నట్టుండి ఒకచోట పగిలేది. దాన్ని మేము బరస్టు అనేవాళ్ళం. కింద అది పగిలితే పైన మా ఇళ్ళల్లో మొదట తెలిసేది గూట్లోని గిన్నెలకు. మనిషికి తెలిసేలోపే అవి గలగలమంటాయి, ఆ వెంటనే కాళ్ళ కింద నేల ఒకసారి ఎగిరిపడుతుంది. ఇక అంతే, ఆడవాళ్ళు పొయ్యి మీది ఎసరు పొయ్యి మీదే వదిలి, కాళ్ళకు చెప్పులు కూడా వెతుక్కోకుండా, మగవాళ్ళు పైకి వచ్చే షాఫ్టు గేటు వైపు పరుగెత్తేవాళ్ళు.

మరి పిల్లలో? దానికి మా లైన్లలో ఒక పద్ధతి ఉండేది, ఎవరు పెట్టారో తెలియదు. లోపల తన మనిషంటూ ఎవరూ లేని ఆడది ఎవరో చూసి, ఆమె ఒడిలో పిల్లల్ని పడేసి పోవాలి. ఆమెకు పరుగెత్తే పని లేదు కదా. మా వరుసలో ఆ మనిషిని నేను. మా ఆయన ఒక బరస్టులోనే పోయాడు. కొడుకుకు ఈ గని గాలి తగలకూడదని మా అమ్మ దగ్గర ఊళ్ళో వదిలాను. ఇతర ఊళ్ళలో నా బోటిది పొద్దున్నే ఎదురైతే జనం గడప లోపలికి పోయి కాసిని నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరుతారు. మా లైన్లలో మాత్రం నేల అదిరిందంటే అందరి బిడ్డలూ నా మీదికే వచ్చిపడేవాళ్ళు, చంకలో ఒకరు, ఒడిలో ఇద్దరు, కొంగు పట్టుకుని ఎంతమందో. అందులో నాకు గర్వం కూడా ఉండేదంటే మీరు నమ్మాలి. మనిషికి ఏదో ఒక చోట తన అవసరం ఉండాలి. లైన్ల ఆడవాళ్ళంతా కలిసి, బడి ఈడు రాని పిల్లలకని ఒక బాలవాడి పెట్టుకున్నప్పుడు, ఆయాగా ఎవరు ఉండాలని ఎవరూ ఆలోచన కూడా చేయలేదు.

పక్కింటి ఆమెను నేను చెల్లెలు అనేదాన్ని, రక్తసంబంధం ఏమీ లేదు, మధ్యలో ఒక తడిక ఉండేది అంతే. ఆమె భర్త లోపల డ్రిల్లు పట్టే మనిషి, నోరు తెరిస్తే పరాచికం. వాళ్ళకు ఒక్కతే పాప. మాటలు బాగా వచ్చి, బడికి పోయే వయసు ఇంకా రాని పిల్ల. పొద్దున్నే తడిక సందులో నుంచి నన్ను పిలిచేది, నా చేతి రాగిసంగటి ముద్ద తినందే ఆ పిల్లకు తెల్లవారదు. నా జడ విప్పి దువ్వుతానని వెనక కూర్చునేది, దువ్వేది తక్కువ, పీకేది ఎక్కువ. పాలు తాగే నాటి నుంచి, గిన్నెలు గలగలమన్నప్పుడల్లా చెల్లెలు దాన్ని నా చేతుల్లో పెట్టి పోయేది. అది ఏడ్చేది కాదు. నా మెడ గట్టిగా పట్టుకుని, ముఖం నా భుజంలో దాచుకుని ఊపిరి కూడా మెల్లగా తీసేది. నా దగ్గర దానికి ధైర్యంగా ఉందని అనుకునేదాన్ని. అందరూ అట్లాగే అనుకున్నారు.

ఆ ఎండాకాలం పట్నం నుంచి ఒక మేడం వచ్చింది, వెంట చదువుకునే అమ్మాయిలు ఇద్దరు. ఏదో కాలేజీ, పిల్లల మనసుల మీద చదువు. చెడ్డ మనిషి అని నేను చెప్పను. మా పీట మీద కూర్చుంది, మా చెంబుతో నీళ్ళు తాగింది, చీమిడి కారుతున్న పిల్లల ముక్కులు తన చేతిగుడ్డతో తుడిచింది. ఎప్పుడూ అదిరే నేల మీద పెరిగే ఈ పిల్లలకు భయం అలవాటై పోతుందా, లేక లోపల పెరుగుతూ పోతుందా, ప్రేమగా ఉండే మనిషి ఎత్తుకుంటే ఎంతసేపటికి తగ్గుతుంది, ఇదీ ఆమె తెలుసుకోవాలనుకున్నది. మాకు అది ఎంతో మంచి ప్రశ్న అనిపించింది. మా భయం సంగతి అంతవరకూ ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

ఈ పిల్లలు ఎక్కువగా ఎవరి దగ్గరికి పోతారని అడిగింది. బాలవాడి అరుగు మీద ఉన్న ఆడవాళ్ళంతా ఒక్కసారే నన్ను చూపించారు.

"ఇంగెవరి దగ్గరికి పోతారు మేడం? ఈ అక్క దగ్గరికే. గిన్నెలు కదిలితే మా బిడ్డలంతా ఈమె ఒళ్ళోనే కదా ఉండేది," అంది చెల్లెలు.

"కనేదానికి మేము, కొంగు పట్టుకొనేదానికి ఆమె," అని ఇంకొకామె అందుకుంది. "మాకు కూలి కూడా ఇయ్యలేదు సూడు మేడం!"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మేడం ముఖం వెలిగిపోయింది, ఆమెకు కావలసిన ప్రేమగల మనిషి దొరికింది.

బాలవాడి వెనక గదిలో గోడకు ఒక చెక్క పలక కొట్టించారు. దాని మీద గిన్నెలు పెట్టి, పలకకు తాడు కట్టి, తాడు కొస తెర వెనకకు లాగారు. చప్పుడు పిల్లలకు తెలిసిన చప్పుడే కావాలని మేడం అంటే, ఇంటికొక గిన్నె మేమే తెచ్చి ఇచ్చాం. చెల్లెలైతే పెళ్ళినాటి ఇత్తడి చెంబు తెచ్చింది, అది మిగతా వాటికన్నా గట్టిగా మోగుతుందని. అందరిలోకి ధైర్యంగల పిల్ల, గలగలా మాట్లాడే పిల్ల అని పాపను ముందు తీసుకున్నారు. పాప చాప మీద చెక్కబొమ్మలతో ఆడుకుంటూ ఉంటుంది, తెర వెనక అమ్మాయి తాడు లాగుతుంది, గిన్నెలు మోగుతాయి, నేను తలుపు తీసుకుని లోపలికి పోయి పాపను ఎత్తుకోవాలి. కిటికీ దగ్గర రెండో అమ్మాయి గడియారం చూస్తూ ఉంటుంది. నేను చేయాల్సింది అంతే. రోజూ చేసేదే కదా, ఇందులో ఏముంది అనుకున్నాను.

మొదట్లో పాప నా మెడ పట్టుకుని ఒదిగిపోయింది, మేడం సంతోషించింది. మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే. కొన్నాళ్ళు పోయాక బొమ్మలు ముట్టుకోవడం మానేసింది. చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఎదురుచూసేది. మేడం అమ్మాయిలు గమనించారో లేదో కానీ నేను గమనించాను, అది చూసేది గిన్నెల వైపు కాదు, తలుపు వైపు. ఒకరోజు తాడు ఇంకా లాగలేదు, నేనే ఏదో పని మీద తలుపు తీశాను. పాప లేచి వెనక్కి వెనక్కి పోయి గోడకు అంటుకుపోయింది. కేక వేయలేదు. నన్నే చూస్తూ తల అడ్డంగా ఊపుతోంది, వద్దు వద్దు అన్నట్టు.

ఆ తరువాత తడిక సందులో నుంచి పిలుపు ఆగిపోయింది. సంగటి ముద్ద చేత పట్టుకుని నేను పోతే తల్లి చీర వెనక దాక్కునేది. చెల్లెలు దిష్టి అనుకుని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాకపోయేసరికి, చూసినావా ఎంత దిష్టి ఉండాదో అని నాతోనే అంది. ఆ దిష్టి ఎవరిదో ఇద్దరికీ తెలియదు.

నేను ఊరుకోలేదు. మేడం దగ్గరికి పోయి ఎదురుగా నిలబడి అడిగాను.

"అమ్మా, బిడ్డ నన్ను సూస్తే బెదురుతా ఉండాది. మీరు ఏం చేసినారో నాకు తెలీదు. చేసింది మీరే తియ్యండి."

ఆమె నా భుజం మీద చేయి వేసింది. "పిల్లలు మరచిపోతారమ్మా, నువ్వు బాధపడొద్దు. వచ్చే సంవత్సరం వచ్చి భయం పోగొట్టే భాగం కూడా చేస్తాం. ఇప్పుడు మాకు సెలవులు అయిపోయాయి."

భాగమట. పెట్టేది ఒక భాగం, తీసేది ఒక భాగం, నడుమ సెలవులు. గిన్నెలన్నీ శుభ్రంగా తోమించి, ఎవరింటివి వాళ్ళ ఇంటికి బిస్కెట్ పొట్లంతో సహా పంపించింది. చెల్లెలి ఇత్తడి చెంబు అంతకు ముందెప్పుడూ అంత తళతళలాడలేదు. వచ్చే సంవత్సరం వచ్చింది కానీ మేడం రాలేదు.

ఆ లోపల బరస్టు వచ్చింది.

పొద్దెక్కిన వేళ. నేను బాలవాడి అరుగు మీద పిల్లలకు ఉప్మా పెడుతున్నాను. పిల్లల ముందున్న సత్తు తట్టలు చిన్నగా గలగలమన్నాయి, ఆ వెంటనే నేల ఎగిరిపడింది, పైకప్పు నుంచి మట్టి రాలింది. ఆడవాళ్ళు లైన్లలో నుంచి బయటికి వచ్చి నా దగ్గర పిల్లల్ని దింపి పరుగెత్తుతున్నారు. పాప నాయన ఆ పూట షిఫ్టులో ఉన్నాడు. చెల్లెలు పాపను చంకనేసుకుని వచ్చి, వెనకాముందు చూడకుండా నా ఒడిలో విసిరినట్టు పెట్టి పోయింది. పాప పెట్టిన కేక నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. నా మణికట్టు కొరికి, చేపలాగా జారి, సందులోకి పరుగు తీసింది, సయనైడు దిబ్బల వైపు. గనిలోంచి తీసిన రాయిని పిండి చేసి, బంగారం తీసుకుని, మిగిలిన విషపు మట్టిని కొండలుగా పోసిన దిబ్బలవి. వాన కురిస్తే మనిషిని మింగే ఊబి, గాలి వీస్తే కళ్ళు కనబడవు.

నేను లేచాను. నేను లేస్తే నా ఒడిలోని పిల్లలు, నా కొంగు పట్టుకున్న పిల్లలు అందరూ ఒక్కసారిగా ఏడుపు అందుకున్నారు. చేతుల్లో ఇద్దరు పసివాళ్ళు. ఎవరి చేతిలో పెట్టి పోవాలి? పరుగెత్తగలిగిన వాళ్ళంతా పరుగెత్తి పోయారు. మా ఆయన పోయిన తరువాత, పరుగెత్తి పోవడానికి నాకంటూ ఒక మనిషి ఉన్న రోజు అదొక్కటే, ఆ రోజు నేను కూర్చోవలసిన మనిషిని. మళ్ళీ కూర్చున్నాను. పిల్లలకు తట్టలోని ఉప్మా కలిపి పెట్టాను, చేతులు వాటంతట అవే కలిపి పెట్టాయి. కళ్ళు మాత్రం ఆ సందు మీదే. ఎంతసేపో చెప్పలేను, ఆ రోజు పొద్దు కదల్లేదు.

గేటు దగ్గర నేను లేను కదా, చెల్లెలు చెప్పిందే రాస్తున్నాను. ఆ రోజు దెబ్బలు తగిలాయి కానీ ఎవరి ప్రాణమూ పోలేదు. మగవాళ్ళను గుంపులు గుంపులుగా పైకి తెస్తున్నారు, ఒక్కో ముఖం కనబడగానే ఒక్కో ఆడది కూలబడుతూ ఉంది. పాప నాయన గేటు దాటి వచ్చి, చెల్లెలి దగ్గరికి పోబోతూ ఆగిపోయాడట. కంచె పక్కన, మోకాళ్ళ దాకా దిబ్బల బూడిద మట్టితో, పాప నిలబడి ఉంది. ఆయన వంగి కూర్చుని చేతులు చాపితే వెంటనే పోలేదు. దగ్గరికి వచ్చి ఆయన ముఖం తడిమి చూసింది, ముక్కు, మీసం, చెవులు.

"ఏందమ్మణ్ణీ, సంతలో ఎద్దును సూసినట్టు సూస్తావు?" అన్నాడట ఆయన, ఆ పూట కూడా పరాచికమే.

"నువ్వు ఈసారి నిజంగా సచ్చిపోయినావనుకొంటి నాయనా," అంది పాప. "పెద్దమ్మ ఎత్తుకొనింది కదా."



చెల్లెలు సాయంత్రం నా గడపలో నిలబడి ఈ మాట చెప్పినప్పుడు నాకు అంతా తెలిసిపోయింది. మేము అందరం పెద్దవాళ్ళం, ఎవరమూ చూడని సంగతి అది. పాలు తాగే నాటి నుంచీ ఆ బిడ్డ నా చేతుల్లోకి వచ్చింది ఎప్పుడు? తల్లి కేకలు వేస్తూ గేటు వైపు పరుగెత్తుతున్నప్పుడు. సంగటి కోసం వచ్చేది తన కాళ్ళతో తాను వచ్చేది, అది వేరే. నేను ఎత్తుకున్నానంటే మాత్రం నాయనకు ఏదో అయిందని. అది నా మెడ పట్టుకుంది ధైర్యంతో కాదు. ఆ వెనక గదిలో రోజూ గిన్నెలు మోగించి, నా చేత ఎత్తించి, ఆ బిడ్డ లోపల రోజూ తండ్రిని చంపారు. సాయంత్రం ఆయన ఏమీ తెలియకుండా ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చేవాడు, మరునాడు మళ్ళీ చచ్చిపోయేవాడు. ఇదంతా ఉత్త ఆట అని ఒక్కరూ ఆ పిల్లకు చెప్పలేదు, చెబితే వాళ్ళ చదువు చెడిపోతుందట.

తప్పు నాదని రాయమంటే రాయను. ఆ తెల్ల ఎలుకది తప్పని ఎవరైనా అంటారా? నాదీ అంతే. కానీ ఆ బిడ్డ ఏమైందని నేనైనా అడిగాను. నిన్న మొన్నటి దాకా తన దగ్గరికి వచ్చిన చేయి తనను చూసి వెనక్కి పోతే ఎట్లా ఉంటుందో, ఎలుకను అడిగిన వాళ్ళు మటుకు లేరు.

మేడం వదిలిపోయిన భాగం మేమే చేసుకున్నాం. షిఫ్టు దిగే వేళకు నేను పోయి పాప నాయన పక్కన నిలబడి, ఇద్దరం కలిసి లైన్లలోకి నడిచి వచ్చేవాళ్ళం, నేనూ ఆయనా ఒకే చోట ఉండడం పాప కంటబడాలని. "అక్కా, నా మెడకు గంట కట్టి గంగిరెద్దు మాదిరి తిప్పు, ఇంగా బాగా కనబడతాను," అనేవాడు ఆయన. లైన్లలో నవ్వుకున్న వాళ్ళు నవ్వుకున్నారు. మెల్లగా పాప తల్లి వెనక నుంచి పక్కకు వచ్చింది, తరువాత ముందుకు వచ్చింది, ఒకరోజు నా చేతిలోని సంగటి ముద్ద తీసుకుంది. జడ కూడా పీకింది. ఎత్తుకోబోతే మాత్రం కట్టెలాగా బిగుసుకుపోయేది, అందుకని ఎత్తుకోవడం మానేశాను. బరస్టు వస్తే పిల్లల్ని నా దగ్గర వదలొద్దని ఆడవాళ్ళకు నేనే చెప్పాను. వెనక వరుసలోని ఒక ముసలామెకు ఆ పని అప్పగించి, నేను బాలవాడి పొయ్యి దగ్గరికి మారాను.

ఇప్పుడు గనులు మూతబడి ఎన్నో ఏళ్ళయింది. షాఫ్టు మీది ఇనుప చక్రాలు తుప్పు పట్టి నిలబడ్డాయి. మగపిల్లలు తెల్లవారక ముందే రైలెక్కి బెంగుళూరు పనులకు పోతారు, చీకటి పడ్డాక వస్తారు, వాళ్ళ కోసం గేటు దగ్గరికి ఎవరూ పరుగెత్తరు. చెల్లెలు లేదు, పాప నాయన కూడా ఊపిరితిత్తుల్లో దుమ్ము నిండి పోయాడు, నిజంగా పోయాడు, ఆ రోజు పాప నన్నే పట్టుకుని ఏడ్చింది. భయం లేని కాలం వచ్చిందని సంతోషపడాలి కదా. సంతోషమే. అయినా నేల అదిరితే ఎవరి బిడ్డ ఎవరి ఒడిలో ఉండాలో అందరికీ తెలిసిన ఆ లైన్లు లేవు, మంచికో చెడుకో అటువంటి పద్ధతి ఒకటి ఉండేదని చెబితే నమ్మే వాళ్ళు కూడా తగ్గిపోతున్నారు.

పాపను శ్రీనివాసపురం దగ్గర మామిడి తోటల వాళ్ళకు ఇచ్చారు. ఇప్పుడు ఆమెకూ మనవడు. కాయల కాలంలో గంపతో మామిడిపండ్లు తీసుకుని నన్ను చూడడానికి వస్తుంది. ఆ వెనక గది ఆమెకు గుర్తే లేదు, మేడం చెప్పినట్టు మరచిపోయింది. పోయినసారి మనవణ్ణి కూడా తెచ్చింది. చాప మీద వాణ్ణి వదిలి, పూత రాలిపోయిన సంగతీ, కాయలకు లారీలు రాని సంగతీ చెబుతూ కూర్చుంది. అప్పుడే వీధిలో రాళ్ళ లోడుతో ఒక లారీ పోయింది. గూట్లో స్టీలు గిన్నెలు గలగలమన్నాయి.

నా చేతులు రెండూ వాటంతట అవే చాచుకున్నాయి. ఎవరో వచ్చి బిడ్డను పెడతారని కాబోలు. పాప మాట మధ్యలో ఆగింది. నా చేతులకు అందకుండా మనవణ్ణి ఎత్తుకుంది, లేచి గడపలోకి పోయి నిలబడింది, ముఖం షాఫ్టు వైపు. బిడ్డను గుండెకు అదుముకుని అట్లా నిలబడి ఏం చూస్తోందో తనకూ తెలియదు.

కాసేపటికి ఇటు తిరిగి నవ్వింది.

"లారీ, పెద్దమ్మా."

"లారీనేలే," అన్నాను. చేతులు ఒడిలోకి తీసుకుని, గంపలో నుంచి ఒక పండు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టాను.